స్టాప్‌వాచ్ నొక్కే చేతి నుంచి కెమెరా దాకా: ఎలుక నొప్పిని కొలిచిన కథ

వరంగల్‌లో ఎంఫార్మసీ చదివే రోజుల్లో మా ల్యాబ్‌లో ఎక్కువ అరిగిన వస్తువు స్టాప్‌వాచ్. నొప్పి తగ్గించే మందులను పరీక్షించడానికి, ఎడ్డీస్ హాట్ ప్లేట్ అనే వేడి పలకను 55 డిగ్రీలకు పెట్టి, ఎలుకను దాని మీద వదిలి, అది వెనక కాలు నాకేదాకా లేదా ఎగిరేదాకా సెకన్లు లెక్కపెట్టేవాళ్లం. 15 సెకన్లు దాటితే తీసెయ్యాలి, లేకపోతే పాదం కాలుతుంది. మరి కాలు కాస్త పైకెత్తి మళ్లీ పెడితే? అక్కడే తగవు. నేను బటన్ నొక్కేదాన్ని, పక్కనున్న అమ్మాయి నొక్కేది కాదు. ఆ తేడాతోనే మందు పనిచేసిందా లేదా అన్నది తారుమారయ్యేది.

ఈ తగవు చాలా పాతది. 1896లో జర్మనీలో పనిచేసిన మాక్స్ ఫాన్ ఫ్రే మనుషుల చర్మ స్పర్శను కొలవడానికి పుల్లలకు వెంట్రుకలు అంటించాడు. వెంట్రుకను చర్మానికి ఆనించి నొక్కితే ఒక దశలో వంగుతుంది. వంగాక ఎంత నొక్కినా బలం పెద్దగా పెరగదు. ఒక్కో మందం వెంట్రుకకు ఒక్కో బలం. ఎంత తేలికైన ఆలోచనో! తర్వాత వెంట్రుకల స్థానంలో నైలాన్ పోగులు వచ్చాయి. ఇప్పటికీ చాలా ల్యాబ్‌లలో ఎలుకను జాలీ మీద ఉంచి, కింది నుంచి ఆ పోగుతోనే పాదాన్ని తాకుతారు. పోగు బలం తెలిసిందే, కానీ దాన్ని ఆనించేది మనిషి చెయ్యి.

1941లో తోకకు వేడి తగిలించి, ఎంతసేపటికి లాక్కుంటుందో చూసే టెయిల్ ఫ్లిక్, 1944లో హాట్ ప్లేట్ వచ్చాయి. 1988లో హార్‌గ్రీవ్స్ బృందం గాజు నేల కింది నుంచి పాదం మీదకు వేడి కాంతి పంపింది. కాలు తీయగానే గడియారం దానంతటదే ఆగుతుంది. ఆపే పని యంత్రానిదే అయినా, గురిపెట్టే పని మనిషిదే.

టెయిల్ ఫ్లిక్ గురించి ఒక సంగతి చెప్పాలి. ఎలుక ఒంటి వేడిని బయటికి పంపే ముఖ్యమైన దారి తోక. తోక ముందే వెచ్చగా ఉంటే మామూలుకన్నా త్వరగా లాగేసుకుంటుంది. మే నెల ఎండలో కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిన మధ్యాహ్నం తీసిన రీడింగు, డిసెంబరు పొద్దున తీసిన రీడింగు పక్కపక్కన పెడితే మనం పోల్చేది మందునా, వాతావరణాన్నా? నాకు ఆ టెన్షన్ చాలా కాలం ఉండేది.

2002లో అమెరికా పరిశోధకులు, వేడి నీళ్లలో తోక ముంచి తీసిన 8 వేలకు పైగా పాత రీడింగులను తిరగేశారు. ఎలుకల జన్యువుల తేడా కన్నా, పరీక్ష ఎవరు చేశారన్నదే ఫలితాన్ని ఎక్కువగా మార్చిందని తేలింది. 2014లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. మగవాళ్లు గదిలో ఉంటే, చివరికి వాళ్లు తొడిగిన టీషర్టు పెట్టినా, ఎలుకలు బెదిరి నొప్పిని తక్కువగా చూపిస్తాయి. మా బ్యాచ్‌లో అబ్బాయిలు, అమ్మాయిలు వంతులేసుకుని చేశాం. ఏ రోజు ఎవరున్నారో రికార్డులో రాయనేలేదు.

రీడింగులు ఎంత చెదిరితే అన్ని ఎక్కువ ఎలుకలు కావాలి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. మన దేశంలో 1998 నిబంధనల ప్రకారం ఏ ప్రయోగానికైనా ముందు ఇథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, ఇన్ని జంతువులు ఎందుకో చెప్పాలి. బీఫార్మసీ ప్రాక్టికల్స్ ఇప్పుడు సిమ్యులేషన్లు, వీడియోలకు మారాయి. పరిశోధనలో మాత్రం ఎలుకలు ఉన్నాయి.

అందుకే యంత్రాల వైపు చూపు మళ్లింది. 2010లో ఎలుక ముఖకవళికలకు మార్కులు వేసే పద్ధతి వచ్చింది. 2018లో వచ్చిన డీప్‌ల్యాబ్‌కట్ సాఫ్ట్‌వేర్ వీడియోలో పాదం ఎక్కడుందో ఫ్రేము ఫ్రేముకూ గుర్తిస్తుంది. 2023లో టొరంటో బృందం గురిపెట్టడం, తాకడం, కాలు తీసిన క్షణాన్ని పట్టుకోవడం అన్నీ యంత్రమే చేసే పరికరాన్ని చూపింది. అయితే కాలు లాక్కోవడం ఒక ప్రతిచర్య మాత్రమే, లోపలి బాధంతా అందులో ఉండదు. ఆ తేడాను యంత్రం కూడా చెరపలేదు.

అంత ఖరీదైన పరికరం లేని ల్యాబ్‌లో కూడా ఎలుక నిలబడ్డ గాజు నేల కింద ఫోన్‌ను పెట్టి స్లో మోషన్‌లో తీయొచ్చు. కాలు కాస్త ఎత్తి మళ్లీ పెట్టిన ఆ క్షణం మాకు ఒక్కసారే కనిపించేది. ఇప్పటి పిల్లలు దాన్ని వెనక్కి తిప్పి, ఇద్దరూ కలిసి మళ్లీ చూడొచ్చు.