బ్రిథోనిక్ పేగన్ సాధనలో అడవి తిండి: అపోహలు – వాస్తవాలు

వెల్ష్, కార్నిష్, బ్రెటన్ భాషలకు మూలం రోమన్లు వచ్చేనాటికి బ్రిటన్‌లో మాట్లాడిన బ్రిథోనిక్ భాష. ఆ భాషల కథలనూ దేవతలనూ పట్టుకుని, బ్రిటన్ పడమటి వైపున్న వేల్స్, కార్న్‌వాల్ నేలతో ముడిపడి సాగే పేగన్ (క్రైస్తవానికి ముందటి దేవతలను కొలిచే) సాధనకు గుడి అక్కర్లేదు, పూజారీ అక్కర్లేదు. చాలామందికి అది తిండితోనే మొదలవుతుంది. ఏ నెలలో ఏ గట్టున ఏ ఆకు దొరుకుతుందో తెలుసుకోవడమే తొలి మెట్టు. ఈ దారిలో వినిపించే మాటల్లో కొన్ని ఉత్త కోతలు, కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి.

అపోహ: రెండు వేల ఏళ్లుగా తెగకుండా వస్తున్న సంప్రదాయం ఇది.

తెగింది. ఆనాటి పూజారులైన డ్రూయిడ్లు రాతలో ఏమీ మిగల్చలేదు. రోమన్ సేన వేల్స్‌లోని ఆంగ్లెసీ దీవి మీద పడి వాళ్ల పవిత్ర వనాలను నరికేసిందని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. రాళ్ల మీద చెక్కిన దేవతల పేర్లు మాత్రం గట్టి ఆధారం: బాత్‌లో సూలిస్, లిడ్నీలో నోడెన్స్, హేడ్రియన్ గోడ దగ్గర కొవెంటినా. రియానన్, బ్లొదయ్‌వెద్ అనే వెల్ష్ పురాణ స్త్రీల కథలు పూర్తిగా దొరికేది 14వ శతాబ్దం నాటి రాతప్రతుల్లో, అవీ క్రైస్తవ సమాజంలో రాసినవి. 'ప్రాచీన డ్రూయిడ్ విధి' పేరుతో తిరిగే దాంట్లో చాలా భాగం యోలో మోర్గానుగ్ (1747–1826) అనే వెల్ష్ కవి కల్పన. 1792లో లండన్‌లోని ప్రిమ్‌రోజ్ హిల్ మీద గోర్సెద్ అనే కవుల సభ జరిపింది ఆయనే. సాధన కొత్తదైతే తప్పేమీ లేదు, పాతదని బుకాయించడమే తప్పు.

అపోహ: బెల్టేన్, సావిన్ లాంటి ఎనిమిది పండుగలు వేల్స్‌వే.

ఆ రెండూ ఐర్లండ్ పేర్లు. వేల్స్‌లో మే 1 కాలన్ మాయ్, నవంబరు 1 కాలన్ గైయవ్. ఎనిమిది పండుగల చక్రం 1950ల్లో ఇంగ్లండ్‌లో కూర్చినది. పదమూడు నెలల 'కెల్టిక్ చెట్ల క్యాలెండర్' అయితే 1948లో రాబర్ట్ గ్రేవ్స్ అనే కవి అల్లిక. పైగా 1752లో బ్రిటన్ తన క్యాలెండర్‌ను మార్చేసి, 11 రోజులు ఎగరగొట్టింది. అందుకే పాత మే డే పాటల్లో కనిపించే హాథార్న్ అనే ముళ్ల చెట్టు పూత నేటి మే 1కి చాలాచోట్ల మొగ్గ దశలోనే ఉంటుంది. తేదీని కాదు, చెట్టును చూసి పండుగ చేసుకోవడం మేలు.

అపోహ: ఆనాటి బ్రిటన్లు అడవి తిండి మీదే బతికారు.

లోపలి ప్రాంతాల జనం పైరు వేయరు, పాలు, మాంసంతో బతుకుతారు అని రోమన్ సేనాని సీజర్ రాశాడు. తవ్వకాలు దాన్ని కొట్టిపారేశాయి. ఇంగ్లండ్‌లోని డేన్‌బరీ కొండకోటలో ధాన్యం పాతర్లు బయటపడ్డాయి. స్పెల్ట్, ఎమ్మర్ గోధుమలు, బార్లీ వాళ్ల ప్రధాన పంటలు. హేజెల్ కాయలు, ఆకులు, బెర్రీలు పక్కన తినేవే. కాబట్టి 'అంతా అడవిదే' అనే విందు కంటే బార్లీ రొట్టె, దాని పక్కన కాసిన్ని అడవి ఆకులే ఆ కాలానికి దగ్గర.

అపోహ: వెల్లుల్లి వాసన వస్తే అది అడవి వెల్లుల్లే.

మార్చి, ఏప్రిల్‌లో తడి అడవుల్లో ఈ ఆకు తివాచీలా పరుచుకుంటుంది. మొదటి నాలుగు ఆకులు కోసేసరికే వేళ్లకు వాసన పట్టేస్తుంది. ఆ తర్వాత ఏ ఆకు నలిపినా వెల్లుల్లి వాసనే. కాబట్టి ముక్కుతో పాటు కన్నూ పనిచేయాలి.

అడవి వెల్లుల్లి ఆకు మెత్తన, ఈనెలు నిలువునా సమాంతరంగా సాగుతాయి, ఒక్కో ఆకుకు సొంత సన్న కాడ ఉంటుంది. దాని మధ్యలోనే మొలిచే ఆరమ్ అనే విషపు మొక్క ఆకుకు ఈనెలు వలలా అల్లుకుని, అంచు పొడవునా ఒక ఈనె కనిపిస్తుంది. ముదిరితే బాణపు మొనలా రెండు చెవులు వస్తాయి. లేతప్పుడు ఆ చెవులు ఉండవు, మోసపోయేది అప్పుడే. పచ్చి కంద, చామ నోట పెడితే పుట్టే దురదకు కారణమైన కాల్షియం ఆక్సలేట్ సూదులే ఇందులోనూ ఉంటాయి. ఈ మూడూ ఒకే కుటుంబం. అడవి వెల్లుల్లిని పోలిన మరో రెండు మొక్కలూ విషమే. లిలీ ఆఫ్ ద వ్యాలీకి ఒకే కాడ నుంచి సాధారణంగా రెండు ఆకులు వస్తాయి, దాని విషం గుండెను కొడుతుంది. ఆటమ్ క్రోకస్ ఆకులు బిరుసుగా, కాడ లేకుండా నేల నుంచే లేస్తాయి. అందులోని కొల్చిసిన్ ఉడికించినా పోదు.

పిడికెడు పట్టి లాగొద్దు. ఒక్కో మొక్క నుంచి ఒక్క ఆకే కత్తెరతో కత్తిరించండి. ఇంటికొచ్చాక తెల్లగుడ్డ మీద పరిచి, కడిగేముందు ఒక్కొక్కటీ మళ్లీ చూడండి. 100 గ్రాముల ఆకుకు 50 గ్రాముల వేయించిన హేజెల్ పప్పు, 50 గ్రాముల గట్టి చీజ్, 120 మిల్లీలీటర్ల నూనె, ఉప్పు వేసి రుబ్బితే చక్కటి పచ్చడి. మన ఆవకాయలా బయట పెట్టొద్దు. ఇందులో పులుపూ లేదు, ఉప్పూ చాలదు, నూనె కింద గాలి తగలక బొట్యులిజం అనే ప్రాణాంతక విషబాధను తెచ్చే సూక్ష్మజీవి పెరగవచ్చు. ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు తినేయాలి, లేదంటే ఫ్రీజ్ చేయాలి.

అపోహ: కొత్తిమీరలా ఉండి, మంచి వాసనొస్తే తినొచ్చు.

తెలుగు ఇళ్లకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ ఆకు మన కంటికి బాగా అలవాటు. హెమ్లాక్ వాటర్ డ్రాప్‌వర్ట్ కొత్తిమీర కుటుంబానిదే. బ్రిటన్‌లోని అత్యంత విషపూరిత మొక్కల్లో ఒకటి. వేల్స్, కార్న్‌వాల్ వాగుల ఒడ్డునా తడి కాలువల్లోనూ విరివిగా ఉంటుంది. తెల్లటి గొడుగు పూలు, సెలరీ లాంటి వాసన. వేళ్ల దగ్గర లావుపాటి లేత రంగు దుంపల గుత్తి. వరదలకు ఆ దుంపలు బయటపడితే పశువులు తిని చస్తాయి. మనుషులకు మూర్ఛలు వస్తాయి. వండితే విరుగుడవుతుందనుకోవద్దు. తడి నేలలో తెల్ల గొడుగు పూల మొక్క ఏదైనా సరే, అనుభవజ్ఞుల పక్కన బాగా నేర్చుకునేదాకా ముట్టకపోవడమే మంచిది. తిన్నామన్న అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా బ్రిటన్ అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయండి, మొక్క ముక్క ఒకటి దాచి చూపించండి.

అపోహ: పవిత్ర ఊట నీళ్లు, పారే నీళ్లు స్వచ్ఛం.

వేల్స్ కొండలంతా గొర్రెలే. వాటి కాలేయంలో ఉండే జలగ లాంటి పురుగు గుడ్లు పేడతో నీళ్లలో చేరతాయి, ఆ పురుగు పిల్లలు బురద నత్తలో ఎదిగి, నీళ్లలో పెరిగే వాటర్‌క్రెస్ అనే ఆకుకూరకు అంటుకుంటాయి. కడిగినా, వెనిగర్‌లో నానబెట్టినా అవి వదులుతాయన్న భరోసా లేదు. అడవి వాటర్‌క్రెస్‌ను పచ్చిగా తినకండి, బాగా మరిగే సూప్‌లో వేసి ఉడికించండి. ఊట నీళ్లు చేతికి అద్దుకోండి, తాగడానికి ఇంటి నుంచి సీసా తీసుకెళ్లండి.

అపోహ: బ్లొదయ్‌వెద్‌ను చేసిన మూడు పూలతో టీ కాచుకోవచ్చు.

మాథ్, గ్విదియన్ అనే మాంత్రికులు ఆమెను ఓక్, బ్రూమ్, మెడోస్వీట్ పూలతో చేశారని కథ. బ్రూమ్‌లో గుండెను ప్రభావితం చేసే స్పార్టీన్ ఉంది, తాగొద్దు. పసుపు పూల పోలికతో దాన్ని గోర్స్ అనే మరో పొద అనుకుంటారు. గోర్స్‌కు నిండా ముళ్లు, పూలకు కొబ్బరి వాసన. బ్రూమ్‌కు ముళ్లుండవు. మెడోస్వీట్ టీ చాలామందికి పడుతుంది కానీ అందులో ఆస్పిరిన్ జాతి పదార్థాలుంటాయి. ఆస్పిరిన్ పడనివాళ్లూ రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ పిల్లలూ గర్భిణులూ మానుకోవాలి.

అపోహ: ప్రకృతి అందరిదీ, ఎక్కడైనా తవ్వుకోవచ్చు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1968 నాటి దొంగతనాల చట్టం ప్రకారం, అడవిగా పెరిగిన మొక్కల ఆకు, పువ్వు, కాయ, పుట్టగొడుగు అమ్మకానికి కాకుండా కోసుకుంటే దొంగతనం కాదు. వేరుతో పెకలించడం వేరు సంగతి. యజమాని అనుమతి లేకుండా అది 1981 వన్యప్రాణి, గ్రామీణ ప్రాంత చట్టం కింద నేరం. అరుదైన కొన్ని మొక్కలను కోయడమూ నిషేధమే, రక్షిత స్థలాలకు వేరే నిబంధనలున్నాయి. దుంప కావాలంటే ముందు రైతును అడగండి.

అపోహ: నైవేద్యం ఏదైనా నేల తీసుకుంటుంది.

ఆంగ్లెసీలో హ్లిన్ కెరిగ్ బాక్ చెరువులో ఇనుప యుగం నాటి కత్తులు, రథం భాగాలు 1942లో విమానాశ్రయం కడుతుంటే బయటపడ్డాయి. ఆ చెరువు వాటిని తినేయలేదు, దాచింది. ఇప్పటి నైలాన్ రిబ్బన్లూ అంతే. కార్న్‌వాల్‌లోని మాడ్రన్ బావి పక్క కొమ్మలకు గుడ్డపీలికలు కట్టే ఆచారం ఉంది. పీలిక కుళ్లి రాలిపోవాలన్నది అక్కడి నమ్మకం. సింథటిక్ గుడ్డ రాలదు, కొమ్మ లావెక్కేకొద్దీ గొంతు నులిమినట్టు బిగుస్తుంది. రంగు వేయని నూలు పీలికనైనా వదులుగానే కట్టండి. రాళ్ల మధ్య కొవ్వొత్తి పెడితే మసి పట్టి, వేడికి రాయి చిట్లుతుంది. చాక్లెట్, ఎండుద్రాక్ష కుక్కలకు విషం. ఇంటి నుంచి తెచ్చిన మంచినీళ్లు కాసిని పోసి, కనిపించిన చెత్త ఒక సంచిలో ఎత్తుకెళ్తే చాలు.