గోల్ఫ్ ఇంటిల్లిపాదీ ఆడే ఆట: అపోహలు - వాస్తవాలు

నేను గోల్ఫ్ ఆడతానని చెబితే చాలామంది మొదట అడిగేది, "మీవారు ఏం చేస్తుంటారు?" అని. డబ్బున్న ఇళ్లలోనే ఈ ఆట ఉంటుందని, ఆ ఇంట్లో కూడా మగవాళ్లే ఆడతారని చాలామందికి గట్టి నమ్మకం. నేను విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగిని. నాకు గోల్ఫ్ నేర్పింది మా మావయ్యగారు. ఇప్పుడు మా అబ్బాయి కూడా మాతో కలిశాడు. మా ఆయనకు ఆట మీద ఆసక్తి లేదు గానీ, కుదిరినప్పుడు మాతోపాటు నడుస్తారు. ఈ ఆటలో నేను పైసా సంపాదించలేదు, సంపాదించాలనీ లేదు. తాత, కోడలు, మనవడు ఒకే మైదానంలో నిజమైన పోటీ ఆడే అవకాశం నాకు ఇంకెక్కడా దొరకలేదు. అందుకే ఇదంటే అంత ఇష్టం. ఇలాంటి ఆటను ఇళ్లలోకి రానివ్వకుండా అడ్డుపడుతున్న మాటలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి ఆడితే అది ఉత్తుత్తి ఆటే

పిల్లాడితో క్యారమ్స్ ఆడితే పెద్దవాళ్లు ఎప్పుడో ఒకసారి కావాలని ఓడిపోవాల్సి వస్తుంది. గోల్ఫ్‌లో ఆ అవసరమే రాదు, హ్యాండిక్యాప్ ఉంది కాబట్టి. మీ ఆట స్థాయిని చెప్పే అంకె అది. గోల్ఫ్‌లో ఎంత తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేస్తే అంత గొప్ప, కాబట్టి ఆ అంకె ఎంత పెద్దదైతే ఆట అంత కొత్తన్నమాట. 2020 నుంచి దేశదేశాల్లోనూ ఒకే పద్ధతి అమల్లోకి వచ్చింది. మీరు చివరిగా ఆడిన 20 రౌండ్లలో మెరుగైన 8 తీసుకుని, కోర్సు (ఆట మైదానం) ఎంత కష్టమైనదో లెక్కలో కలిపి, సగటు కడతారు. మొదటిసారి హ్యాండిక్యాప్ రావడానికి మొత్తం 54 హోల్స్ (కొట్టడం మొదలుపెట్టే చోటు నుంచి గుంట దాకా ఒక హోల్, పూర్తి రౌండ్‌కి 18) స్కోర్‌కార్డులు ఇస్తే చాలు. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా గరిష్ఠ పరిమితి 54.0. అంటే నిన్నగాక మొన్న మొదలుపెట్టినవాళ్లకు కూడా ఇందులో చోటుంది.

మా ఇంట్లో ఇది ఎలా నడుస్తుందో చెప్తాను. ఒక రోజు మావయ్యగారి కోర్స్ హ్యాండిక్యాప్ (ఆ కోర్సుకు లెక్కగట్టిన హ్యాండిక్యాప్) 16, మా అబ్బాయిది 38. తేడా 22. కాబట్టి తాత వాడికి 22 స్ట్రోకులు ఇవ్వాలి, అంటే వాడి లెక్కలోంచి 22 దెబ్బలు తీసేయాలి. ఒక్కో హోల్‌కి ఒకటి చొప్పున 18 పోతే నాలుగు మిగిలాయి. కార్డు మీద స్ట్రోక్ ఇండెక్స్ 1 నుంచి 4 వరకు ఉన్న నాలుగు కష్టమైన హోల్స్‌లో వాడికి రెండేసి స్ట్రోకులు వస్తాయన్నమాట. అలాంటి ఒక పార్ 4 (నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన) హోల్‌లో తాత 5 కొట్టి ముగించారు. వాడు ఆరు షాట్లు ఆడాక బంతి గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద, గుంటకు ఎనిమిది అడుగుల దూరంలో ఉంది. ఏడో షాట్ పట్, అంటే గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బ. బంతి మెల్లగా దొర్లుకుంటూ వెళ్లి సరిగ్గా అంచు మీద ఆగింది, సగం లోపలికి వేలాడుతూ.

దీనికి ఒక రూల్ ఉంది. అంచు మీద వేలాడుతున్న బంతి దగ్గరికి మామూలుగా నడిచి వెళ్లాక పది సెకన్లు ఆగవచ్చు. ఆలోగా పడితే ఆ పట్ పడినట్టే లెక్క. మావయ్యగారు నిలబడి పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు... మా వాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఏడు అనేసరికి బంతి లోపల పడింది. ఏడులోంచి రెండు తీసేస్తే ఐదు. "తాతయ్యా, సమానం!" అని వాడి అరుపు. "హాఫ్ అయిందిరా, పద" అంటూ ఆయన తర్వాతి టీ (హోల్ మొదలుపెట్టే చోటు) వైపు నడిచారు. ఆయన ఏమీ వదిలిపెట్టలేదు, వాడూ ఏమీ అడుక్కోలేదు. ఓడినవాళ్లు సాయంత్రం బీచ్‌లో ముంత మసాలా కొనిపెట్టాలి. అందులో మాత్రం హ్యాండిక్యాప్ లేదు.

ఒక్క హోల్‌లో పన్నెండు కొట్టేస్తే అంతా అయిపోయిందని పిల్లలు ఏడుపుమొహం పెడతారు. వాళ్లకు చెప్పండి: హ్యాండిక్యాప్ లెక్కలో ఒక హోల్‌కి ఎక్కించే స్కోరుకు హద్దు ఉంది. పార్‌కి రెండు కలిపి, ఆ హోల్‌లో మీకు వచ్చే స్ట్రోకులు కలిపితే వచ్చేదే ఆ హద్దు.

అపోహ: ఇది డబ్బున్నవాళ్ల ఆట

ఇది పూర్తిగా అపోహ అనలేను. మన దేశంలో మంచి కోర్సుల్లో సభ్యత్వం మధ్యతరగతికి భారమే. హైదరాబాద్‌లో గోల్కొండ కోట నయా ఖిల్లా దగ్గరున్న కోర్సైనా, గచ్చిబౌలి వైపు బండరాళ్ల మధ్య ఉన్న కోర్సైనా చూడగానే చాలామంది గేటు దగ్గరే ఆగిపోతారు. కానీ సభ్యత్వం తీసుకుంటే తప్ప ఆట మొదలుపెట్టలేమన్నది మాత్రం తప్పు. డ్రైవింగ్ రేంజ్ (బంతులు కొట్టి ప్రాక్టీస్ చేసే మైదానం) ఉన్న చాలా చోట్ల బాస్కెట్ బంతులకు డబ్బు కట్టి ప్రాక్టీస్ చేసుకోవచ్చు. బ్యాగు నిండా క్లబ్బులు (బంతిని కొట్టే కర్రలు) కొనాల్సిన పని కూడా లేదు. రూల్స్‌లో ఉన్న 14 అనే సంఖ్య గరిష్ఠ పరిమితి. అన్నీ ఉండి తీరాలని ఎక్కడా లేదు. దూరానికి ఒక హైబ్రిడ్, మధ్య దూరానికి సెవెన్ ఐరన్, ఇసుకలోంచి తీయడానికి శాండ్ వెడ్జ్, గ్రీన్ మీద దొర్లించడానికి పటర్, ఈ నాలుగూ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఏడాది పాటు హాయిగా గడిచిపోతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. భారత గోల్ఫ్‌ను నిలబెట్టినవాళ్లలో కేడీలు (ఆటగాళ్ల బ్యాగులు మోసేవాళ్లు) చాలామంది ఉన్నారు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో కేడీగా మొదలైనవారే. 1993లో మళ్లీ గెలిచారు. ఇతరుల బ్యాగులు మోస్తూ ఆట నేర్చుకున్నవాళ్లది కూడా ఈ ఆట.

అపోహ: ఆడవాళ్లకు పనికిరాదు

ఈ అపోహ ఊరికే పుట్టలేదు. స్కాట్లండ్ సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్ 1754లో మొదలైంది, ఆడవాళ్లను సభ్యులుగా తీసుకోవాలని 2014లో ఓటేసింది. అమెరికాలో అగస్టా నేషనల్ 2012 వరకు తీసుకోలేదు. స్కాట్లండ్‌లోనే ఉన్న మ్యూర్‌ఫీల్డ్ క్లబ్ అందుకు ఓటేయడానికి 2017 వరకు ఆగింది. అంత ఆలస్యాన్ని సమర్థించే కారణం ఒక్కటి కూడా నాకు దొరకలేదు. ఆటలో ఏనాడూ అడ్డు లేదు. ముందు టీల నుంచి ఆడేవాళ్లకు కోర్సు పొడవు తగ్గుతుంది, కోర్సు కష్టాన్ని చెప్పే రేటింగ్ దానికి తగ్గట్టు మారుతుంది, హ్యాండిక్యాప్ సరిగ్గానే పనిచేస్తుంది. నేను ముందు టీ నుంచి, మావయ్యగారు వెనక టీ నుంచి కొట్టినా మా పోటీ పోటీయే.

2021 ఆగస్టు 7, శనివారం పొద్దున మా ఇంట్లో టీవీ ముందు నుంచి ఎవరూ కదల్లేదు. టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది. కంచు పతకం ఒకే ఒక్క స్ట్రోక్ తేడాతో చేజారింది. ఆ వారమంతా ఆమె బ్యాగు మోసింది వాళ్లమ్మ. అంతకు ముందు, 2016 రియోలో, 18 ఏళ్ల అదితికి కేడీగా ఉన్నది వాళ్ల నాన్న. బెంగళూరులో ఆ అమ్మాయి ఆట మొదలుపెట్టేనాటికి ఇంట్లో ఎవరికీ గోల్ఫ్ రాదు. తల్లి పక్కన నడుస్తుంటే కూతురు ఒలింపిక్ పతకం కోసం పట్ కొట్టడం ఇంకే ఆటలో చూస్తాం?

అపోహ: ఆదివారం మొత్తం మింగేస్తుంది

18 హోల్స్ నడిచి ఆడితే నాలుగు, నాలుగున్నర గంటలు పడుతుంది. పైగా ఆట అయ్యాక స్నేహితులతో కబుర్లలో ఇంకో రెండు గంటలు పోతాయి. ఇంట్లో గొడవలు ఎక్కువగా ఆ రెండు గంటల వల్లే వస్తాయి. కుటుంబంతో ఆడేవాళ్లకు 9 హోల్స్ సరిగ్గా సరిపోతుంది. ఆరింటికి మొదలుపెడితే ఎనిమిది, ఎనిమిదిన్నరకల్లా టిఫిన్‌కి ఇంట్లో ఉండవచ్చు. 9 హోల్స్ స్కోర్లు కూడా హ్యాండిక్యాప్‌కి పనికొస్తాయి.

2019లో మారిన రూల్స్ కూడా సమయాన్ని బాగా తగ్గించాయి. తప్పిపోయిన బంతిని ఐదు నిమిషాలు వెతికే వీలు ఉండేది, ఇప్పుడు మూడే. తన వంతు వచ్చాక 40 సెకన్లలోపు షాట్ ఆడాలన్నది సిఫారసు. దూరంగా ఉన్నవాళ్లే ముందు కొట్టాలన్న పట్టింపు స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే పోటీలో) వదిలేసి, సిద్ధంగా ఉన్నవాళ్లు ఆడేయవచ్చు. జెండా కర్ర గుంటలో ఉండగానే పట్ కొట్టవచ్చు. నలుగురూ పాటిస్తే ఆట చకచకా సాగిపోతుంది.

అపోహ: "తల ఎత్తకు!"

కొత్తగా ఆడేవాళ్లకు ఇంట్లోవాళ్లు ఇచ్చే మొదటి సలహా ఇదే. భార్యలకు భర్తలు, పిల్లలకు తండ్రులు, అందరూ ఇదే మాట. బంతి పైభాగానికి తగిలి నేల మీద దొర్లిపోతే తప్పు తలదే అనుకుంటారు. చాలాసార్లు జరిగేది వేరు. కిందికి దిగేటప్పుడు మోచేతులు ముడుచుకుంటాయి, లేదా నడుము బంతి వైపు తోసుకొచ్చి ఒళ్లంతా పైకి లేస్తుంది. క్లబ్బు నేలను చేరకుండానే బంతిని దాటిపోతుంది. తల లేచింది దాని వెంటే. తలను బిగబట్టి ఉంచితే భుజాలు తిరగక, మెడ పట్టేసి, షాట్ ఇంకా చెడుతుంది. స్వీడన్ క్రీడాకారిణి అనికా సోరెన్‌స్టామ్ బంతి తగిలే క్షణానికే తలను లక్ష్యం వైపు తిప్పేసేది. మహిళా ప్రొఫెషనల్స్ ఆడే ఎల్‌పీజీఏ టూర్‌లో 72 టైటిళ్లు గెలిచింది.

దీని చుట్టమే ఇంకో అపోహ: బంతిని పైకి లేపాలంటే కింద నుంచి ఎత్తి కొట్టాలని. ఎత్తే పని మనది కాదు, క్లబ్బు ముఖానికి ఉన్న వాలుది. ఐరన్‌తో కొట్టేటప్పుడు క్లబ్బు ముందు బంతికి తగిలి, తర్వాత గడ్డిని కోయాలి. బంతి ఎటు బయల్దేరుతుందో ఎక్కువగా నిర్ణయించేది తగిలిన క్షణంలో ఆ ముఖం ఎటు చూస్తోందన్నదే. పిల్లలకు నేను ఇవి రెండే చెప్తాను: ముఖం ఎటు ఉందో చూసుకో, కొట్టాక ఒంటికాలి మీద తూలకుండా నిలబడు.

"దూరం కొట్టే డ్రైవర్ గొప్ప చూపించుకోవడానికి, పటర్ డబ్బు గెలవడానికి" అన్నది కూడా ఆటగాళ్లు తరతరాలుగా చెప్పుకునే మాటే. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ అమెరికాలో మగ ప్రొఫెషనల్స్ ఆడే పీజీఏ టూర్‌లో ప్రతి షాట్ సమాచారాన్నీ లెక్కగట్టి చూశారు. గొప్ప ఆటగాళ్లకూ సగటు ఆటగాళ్లకూ మధ్య తేడాలో దాదాపు మూడింట రెండొంతులు 100 గజాల అవతలి నుంచి కొట్టే షాట్ల వల్లేనని తేలింది. అయినా ఇంట్లో కొత్తవాళ్లకు పట్టింగ్‌తోనే మొదలుపెట్టాలన్నది నా అభిప్రాయం. కారణం స్కోరు కాదు. మొదటి రోజే బంతి గుంటలో పడిన చప్పుడు వినాలి. 108 మిల్లీమీటర్ల ఆ గుంటలో బంతి పడిన చప్పుడు విన్నవాళ్లు మళ్లీ వస్తారు.

అపోహ: ఒళ్లు అలవని ఆట

18 హోల్స్‌లో ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు నడుస్తాం. మా విశాఖ ఉక్కపోతలో, ముడసర్లోవ కొండల పక్కన ఉన్న ఈస్ట్ పాయింట్ లాంటి చోట ఎత్తుపల్లాల మీద ఆ నడక ఏమిటో కాళ్లకే తెలుస్తుంది. 1884లో మొదలైన క్లబ్ అది. స్వీడన్‌లో కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 3 లక్షల మంది గోల్ఫర్ల వివరాలు పరిశీలిస్తే, అదే వయసు, అదే ఆర్థిక, సామాజిక స్థాయివాళ్లతో పోల్చినప్పుడు గోల్ఫర్లలో మరణాల రేటు 40 శాతం తక్కువగా కనిపించింది. గోల్ఫ్ ఆడినందుకే ఆయుష్షు పెరిగిందని దాన్నిబట్టి చెప్పలేం, ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువగా ఆడుతూ ఉండవచ్చు. నడకకు మాత్రం విలువ ఉంది.

అలాగని దెబ్బలు తగలని ఆట అనుకోకండి. అమెచ్యూర్లలో ఎక్కువగా దెబ్బతినేది నడుము కింది భాగం. పరుగున వచ్చి డ్రైవర్ తీసి బలమంతా పెట్టి కొట్టేవాళ్లకు అది తప్పదు. మావయ్యగారు పది నిమిషాలు ఒళ్లు వంచకుండా టీ ఎక్కరు. మే, జూన్‌లలో మేం 9 హోల్స్ దాటం, బ్యాగులో ఉప్పు వేసిన మజ్జిగ సీసా ఉండాల్సిందే.

అపోహ: పెద్దల క్లబ్బు కోసి ఇస్తే పిల్లలకు సరిపోతుంది

సరిపోదు. కర్ర పొట్టిదైనా చివరన ఉన్న ఇనుము బరువు అంతే ఉంటుంది, కర్ర మరీ బిర్రుగా తయారవుతుంది. పిల్లాడు దాన్ని మోయలేక ఒళ్లంతా ఊగి కొడతాడు, ఆ అలవాటు తర్వాత పోదు. వయసు చూసి కాకుండా ఎత్తు చూసి పిల్లల సెట్ తీసుకోండి. మూడు క్లబ్బులున్నా చాలు.

అన్నిటికంటే ముందు వాళ్లకు నేర్పాల్సింది ఎక్కడ నిలబడాలన్నది. బంతి బరువు 45.93 గ్రాములకు మించదు, కానీ అది తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఊగే క్లబ్బు అంతకంటే ప్రమాదం. కొట్టేవాళ్ల వెనకగా, వాళ్లకు కనిపించకుండా ఎవరూ నిలబడకూడదు. బంతి వెళ్లే దిక్కున ముందు అసలు ఉండకూడదు. కొట్టేవాళ్ల ముఖం కనిపించే వైపు, కనీసం నాలుగు క్లబ్బుల దూరంలో నిలబడాలి. బంతి ఎవరి వైపైనా పోతుంటే సిగ్గుపడకుండా "ఫోర్!" అని గొంతు చించుకుని అరవాలి. ఆ అరుపు వినబడితే తల ఎత్తి చూడకుండా రెండు చేతులతో తల కప్పుకోవాలి. మా అబ్బాయికి ఇది ఒంటబట్టే దాకా మావయ్యగారు వాడి చేతికి ఐరన్ ఇవ్వలేదు, పటర్ ఒక్కటే.

అపోహ: ఈ వయసులో ఏం నేర్చుకుంటాం

మా అత్తయ్యగారు అరవై దాటాక పటర్ పట్టుకున్నారు. పూర్తి స్వింగ్ ఆమెకు వద్దు, మోకాళ్లు ఒప్పుకోవు. మాతో వచ్చి గ్రీన్ దగ్గర కలుస్తారు, మా జట్టు తరఫున పట్ ఆమెదే. ఇద్దరు ఇద్దరుగా జట్టు కట్టి, ఇద్దరి షాట్లలో మంచిదాన్ని ఎంచుకుని అక్కడి నుంచే మళ్లీ ఇద్దరూ ఆడే పద్ధతిని స్క్రాంబుల్ అంటారు. కొత్తవాళ్లున్న ఇంటికి ఇంతకంటే తేలికైన పద్ధతి లేదు. ఎవరి చెడ్డ షాట్ ఎవరికీ భారం కాదు.

మీ ఊళ్లో కోర్సు గానీ రేంజ్ గానీ ఉంటే ముందు ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: సభ్యులు కానివాళ్లను ఏ రోజుల్లో రానిస్తారు, పిల్లల క్లబ్బులు అద్దెకు ఇస్తారా, పట్టింగ్ గ్రీన్ ఎప్పుడు ఖాళీగా ఉంటుంది. సెలవు రోజు పొద్దున్న సభ్యుల రద్దీ ఉంటుంది కాబట్టి, పనిరోజు సాయంత్రం వెళితే కోచ్ కూడా మీతో నింపాదిగా మాట్లాడతారు.