కొవ్వాడ భయం, హైవే ధైర్యం

రణస్థలం

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం వస్తే మనకేమవుతుంది తాతయ్యా అని అడిగారు. ఇక్కడ టీ కొట్టు దగ్గర పెద్దాళ్లూ అదే అడుగుతారు. అడిగినాక హెల్మెట్ లేకుండా బండెక్కి, రాంగ్ రూట్‌లో హైవే మీదకి పోతారు!

రేడియేషన్‌ని మిల్లీసీవర్టుల్లో కొలుస్తారు. అణు కేంద్రం దగ్గర్లో లేకపోయినా నేల, గాలి, తిండి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 అందుతుంది. ఛాతీ సీటీ స్కాన్ ఒక్కదానికే సుమారు 7. మన భావనపాడు, కళింగపట్నం తీరాల ఇసుకలో ఉండే మోనజైట్ అనే ఖనిజంలో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉంటుంది, దాన్నుంచీ కొంత వస్తుంది. అణు కేంద్రాల వల్ల జనానికి ఏడాదికి 1 మిల్లీసీవర్టు దాటకూడదని మన దేశంలో నియమం.

ఇక రోడ్డు సంగతి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అంటే రోజుకి సుమారు 460 మంది. అందులో సుమారు 44 శాతం టూవీలర్ల మీద వెళ్లినవాళ్లే. 2023 అక్టోబర్ 29న కంటకాపల్లి దగ్గర రైళ్లు గుద్దుకుని 14 మంది చనిపోతే ఊరూరా టీవీల ముందు కూర్చున్నారు. రోజూ పోయే ఆ 460 మంది కోసం ఎవరు కూర్చుంటారు?

అమెరికాలో పాల్ స్లోవిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లోనే దీని గురించి రాశాడు. చావుల లెక్క చూసి మనిషి భయపడడు. కంటికి కనపడనిది, సరిగా తెలియనిది, తన చేతిలో లేనిది, ఒక్కసారే చాలామందిని తీసుకుపోయేది అయితే వణుకుతాడు. హ్యాండిల్ తన చేతిలో ఉంటే ముగ్గుర్ని ఎక్కించుకుని మరీ ఎనభైలో పోతాడు.

ఈ భయం ఊరికే పోదు కూడా. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత అమెరికాలో చాలామంది విమానం మానేసి కార్లెక్కారు. దానివల్ల ఏడాదిలో సుమారు 1,500 మంది అదనంగా రోడ్ల మీద చనిపోయారని గెర్డ్ గిగెరెంజర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త లెక్కకట్టాడు.

అలాగని రేడియేషన్ ఏమీ చేయదని నేను అనట్లేదు. 1986లో చెర్నోబిల్ అణు కేంద్రం పేలినాక పాలల్లో చేరిన రేడియోధార్మిక అయోడిన్ వల్ల వేలమంది పిల్లలకి థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. వేగం పెంచాలా తగ్గించాలా అన్నది బండి నడిపేవాడి ఇష్టం, కొవ్వాడ జాలరిని ఎవరూ అలా అడగలేదు. కేంద్రం కడితే మా ఇల్లు ఎక్కడ, వేట ఎక్కడ అన్నదే ఆ జాలర్ల ప్రశ్న. ఎక్స్‌రేతో పోల్చి చూపించి దానికి జవాబైపోయిందనే ఆఫీసరుంటే, ఆయన మాట నేనూ నమ్మను.

ఇట్లు,
మీ తాతయ్య