పైకప్పుని నాకే దయ్యం, దానికి బొమ్మ గీసిన తాత

రాజమండ్రి,
ఆదివారం, భోజనాలయ్యాక

చిరంజీవులు అమ్ములుకీ, చిన్నూకీ తాతయ్య ఆశీస్సులు.

సెలవులకి వచ్చినప్పుడు మీరు మర్చిపోయి వెళ్ళిన కితారో పుస్తకం, అదే ఆ దయ్యాల పిల్లాడి మాంగా (జపాన్ బొమ్మల కథ), నా దగ్గరే ఉంది. చదివేశాను కూడా. మొదట మామూలుగా ఎడమవైపు నుంచి పట్టాను. నాలుగు పేజీలు తిప్పినా తలా తోకా తెలియలేదు. ఇది కుడి నుంచి ఎడమకి చదవాలని చిన్నూ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఈ వయసులో ఇదో పరీక్ష!

ఫోన్లో అమ్ములు అడిగింది, "తాతయ్యా, ఈ దయ్యాలన్నీ ఆయన కల్పించినవేనా, ముందు నుంచీ ఉన్నాయా?" అని. అప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఈ రెండు వారాల్లో దొరికిందల్లా చదివాను కాబట్టి ఇప్పుడు చెప్తాను, వినండి.

ఆ పుస్తకం గీసినాయన పేరు షిగేరు మిజుకి. అసలు ఇంటిపేరు మురా. 1922లో పుట్టాడు. పెరిగింది జపాన్‌లో పడమటి సముద్రం ఒడ్డున, తొత్తోరి అనే ప్రాంతంలో ఉన్న సకాయిమినతో ఊళ్ళో. చిన్నప్పుడు షిగేరు అన్న తన పేరు తనకే పలికేది కాదట, "గెగెరు" అనేవాడట. అందరూ "గెగె" అని పిలవడం మొదలుపెట్టారు. మీ పుస్తకం అట్ట మీద ఉన్న 'గెగెగె' అక్కడిదే.

వాళ్ళింటికి పనిలో సాయానికి ఒక ముసలావిడ వచ్చేది. పూజలూ ప్రార్థనలూ చేసేవాళ్ళని ఆ ఊళ్ళో 'నోన్నోన్' అనేవారు. 'బా' అంటే ముసలమ్మ. అలా ఆవిడ నోన్నోన్‌బా అయింది. బీదది. కానీ రాత్రిపూట ఇంట్లో వినిపించే ప్రతి చప్పుడుకీ ఆవిడ దగ్గర ఒక పేరుండేది. పైకప్పు మీద మరక కనిపిస్తే, "అది తెంజోనమే పని, రాత్రి వచ్చి నాలుకతో నాకి పోయింది" అనేది. స్నానాలగది కడక్కపోతే ఆ మురికి నాకడానికి ఇంకొకటి వస్తుంది. రాత్రి ఒంటరిగా నడుస్తుంటే వెనక ఎవరో వస్తున్నట్టు అడుగుల చప్పుడు వినిపిస్తుందే, అది బెతోబెతో-సాన్. దానికి భయపడక్కర్లేదు. పక్కకి తప్పుకుని "బెతోబెతో-సాన్, తమరు ముందు వెళ్ళండి" అంటే చాలు, వెళ్ళిపోతుంది.

ఇది చదివి నాకు భలే నవ్వొచ్చింది. మీ అమ్మ చిన్నప్పుడు మన వీధిలో తలుపులన్నిటి మీదా 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్నారు. దయ్యం వచ్చి, అది చదువుకుని, సరే రేపొద్దాం అని వెళ్ళిపోతుందట. మర్నాడు వచ్చినా అదే మాట కనిపిస్తుంది కదా! డ్రాయింగ్ మాస్టారు కదా, అక్షరం గుండ్రంగా ఉంటుందని పది ఇళ్ళకి నా చేతే రాయించారు. దయ్యంతో కూడా మర్యాదగా మాట్లాడి పంపించడం అక్కడా ఉందన్నమాట.

వీటిని వాళ్ళు 'యోకాయ్' అంటారు. మనం దయ్యం అనేస్తాం గానీ, చచ్చిపోయిన మనుషులే యోకాయ్ అవ్వాలని లేదు. పాత గొడుగు, గోడ, గుడ్డపీలిక, నది, ఏదైనా కావచ్చు.

ఇరవై దాటాడో లేదో మిజుకిని సైన్యం పిలిచింది. బాకా ఊదే పని ఇచ్చారు. చేతకాలేదు, మార్చమని అడిగాడు. ఉత్తరానికా, దక్షిణానికా అన్నారు. చలంటే పడదు కాబట్టి దక్షిణం అన్నాడు. ఆ ఒక్క మాటతో పసిఫిక్ సముద్రంలో న్యూ బ్రిటన్ దీవి మీదున్న రబౌల్‌కి పోయి పడ్డాడు. ఇప్పుడది పపువా న్యూ గినీ దేశంలో ఉంది. అక్కడ చిన్న దళంతో అడవి అంచున కాపలాకి పంపారు. ఒక తెల్లవారుజామున కాపలా వంతు ఆయనది. దుర్భిణీలో చిలకల్ని చూస్తూ మైమరచిపోయి, మిగతావాళ్ళని లేపడానికి ఆలస్యం చేశాడు. ఆ సమయంలోనే దాడి జరిగింది. దళంలో బతికి బయటపడింది ఆయనొక్కడే. రోజుల తరబడి అడవిలో పరిగెత్తి శిబిరం చేరితే, పై అధికారులు అడిగిందేమిటో తెలుసా? అందరూ చచ్చిపోతే నువ్వెందుకు బతికొచ్చావ్ అని! తర్వాత మలేరియా. 1944లో విమానదాడిలో ఎడమచెయ్యి పోయింది.

ఇక్కడ ఒక పని చెయ్యండి. ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడిచేత్తో మాత్రమే స్కేలు పెట్టి గీత గీయండి. స్కేలు జారుతుంది, కాగితం తిరుగుతుంది. నేను చేసి చూశాను, కోపంతో పెన్సిలు విసిరేశాను. ఆయన అలాగే తొంభై దాటే వరకూ గీశాడు.

ఆ దీవిలోనే ఆయన్ని ఆదుకున్నవాళ్ళూ ఉన్నారు. దగ్గర పల్లెలోని తొలాయ్ జనం తిండి పెట్టారు, తోట వేసుకోవడానికి నేల కూడా ఇచ్చారు. యుద్ధం అయ్యాక ఇక్కడే ఉండిపోతానన్నాడు. ముందు ఇంటికెళ్ళి అమ్మానాన్నల్ని చూసి రమ్మని సైన్యంలో డాక్టరు నచ్చజెప్పి పంపాడు. చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళి వాళ్ళని కలిశాడు.

తిరిగొచ్చాక చేపలు అమ్మాడు, ఇంకా ఏవేవో చేశాడు. కోబే ఊళ్ళో మిజుకి వీధిలో గదులు అద్దెకిచ్చే ఇల్లు నడిపాడు. ఆ వీధి పేరే కలం పేరైంది. అక్కడే కమిషిబాయ్ బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. సైకిల్ మీద చెక్కపెట్టె కట్టుకుని ఒకాయన వీధిలోకి వస్తాడు, రెండు కర్రముక్కలు టకటక కొడతాడు. పిల్లలు మూగుతారు. మిఠాయి కొనుక్కున్నవాళ్ళని ముందు నిలబెట్టి, పెట్టెలో బొమ్మల అట్టలు ఒక్కొక్కటే లాగుతూ కథ చెప్తాడు. సరిగ్గా పట్టు మీదున్నప్పుడు ఆపేసి, మిగతాది రేపు అంటాడు. మన చేర్యాల పటం కథలవాళ్ళకి దూరపు చుట్టమనుకోండి. కితారో అనే శ్మశానంలో పుట్టిన పిల్లాడి కథ ఈ కమిషిబాయ్‌లో మిజుకి కంటే ముందే, 1930లలోనే ఉంది. అమ్ములూ, నీ ప్రశ్నకి సగం జవాబు ఇదే. ఆయన ఆ పిల్లాణ్ణి తీసుకుని తనవాణ్ణి చేసుకున్నాడు.

టీవీ వచ్చి కమిషిబాయ్ కడుపు కొట్టింది. మిజుకి టోక్యో వెళ్ళి అద్దె పుస్తకాలకి మాంగా గీశాడు. మా రోజుల్లో మన ఊళ్ళల్లోనూ నవలలు అద్దెకిచ్చే షాపులుండేవి. అక్కడ మాంగా అలాగే తిరిగేది. డబ్బులు సరిగా రాలేదు. 1961లో నునోయెతో పెళ్ళయింది. పెళ్ళిచూపులైన ఐదో రోజునే పెళ్ళి! ఇంట్లో బియ్యానికి కటకటగా ఉన్నా, ఇద్దరూ కూర్చుని యుద్ధనౌకల ప్లాస్టిక్ బొమ్మలు అతికించుకునేవారట. ఆవిడే తర్వాత ఆ రోజుల గురించి పుస్తకం రాసింది.

1965లో టీవీలోకి దూరిపోయే అబ్బాయి కథకి కొదాన్షా అనే ప్రచురణ సంస్థ బహుమతి వచ్చింది. అప్పటికి ఆయనకి 43 ఏళ్ళు. ఆ ఏడే కితారో పెద్ద వారపత్రికలోకి ఎక్కాడు. పేరులో 'శ్మశానం' ఉంటే టీవీవాళ్ళకి స్పాన్సర్లు దొరకలేదు. దాంతో 'గెగెగె నో కితారో' అని మార్చారు. 1968 జనవరిలో టీవీలో మొదలైంది.

ఇక మిగతా సగం జవాబు. సెకియెన్ అనే చిత్రకారుడు 1776లోనే యోకాయ్ బొమ్మల పుస్తకం వేశాడు. మిజుకి వాటిని బాగా చూసుకున్నాడు. యనగిత కునియో అనే పండితుడు పల్లెల్లో చెప్పుకునేవి సేకరించాడు. అయితే ఆయన రాసినవి రెండు మూడు వాక్యాలే, బొమ్మల్లేవు. నురికబే అంటే రాత్రి దారికి అడ్డంగా వచ్చే కనిపించని గోడ. అంతే. దానికి కళ్ళూ, పొట్టి కాళ్ళూ పెట్టి నిలబెట్టింది మిజుకి. అడవిలో పారిపోతున్నప్పుడు చీకట్లో అలాంటి గోడే తనకి అడ్డొచ్చిందని చెప్పుకున్నాడు కూడా.

ఇంకో సంగతి, మాస్టారుగా చెప్తున్నాను. పుస్తకంలో అడవి బొమ్మ ఉన్న పేజీ తీసి చూడండి. భూతద్దం పెట్టి చూశాను. ఆకు నీడంతా సిరాచుక్కలే. ఒక్కో చుక్క విడిగా కలంతో పెట్టింది. చెట్టు బెరడు ఫోటోలా ఉంటుంది. దాని ముందు నిలబడ్డ మనిషి మాత్రం గుండ్రటి ముఖం, రెండు గీతల ముక్కు, మీరు అయిదు నిమిషాల్లో గీసేసేలా ఉంటాడు. చిన్నూ "ఇలా రెండు రకాలుగా ఎందుకు గీశాడు?" అన్నాడు. నాకైతే, ఆ అడవిలో మనిషి ఎంత తేలికగా చెరిగిపోతాడో చూసి వచ్చినవాడి గీత అనిపించింది. 1973లో ఆ రబౌల్ సైనికుల గురించే ఒక పుస్తకం గీశాడు. అందులో తొంభై శాతం నిజమే అన్నాడు. అది మీరు ఇంకో నాలుగేళ్ళాగి చదవండి.

పరీక్షల ముందు రాత్రంతా మేలుకుంటున్నావని అమ్మ చెప్పింది, అమ్ములూ. మిజుకి తన నిద్ర మీద ఒక చిన్న మాంగా గీశాడు. తెజుకా, ఇషినోమోరి అనే ఇద్దరు మహా చిత్రకారులు రాత్రుళ్ళు నిద్రపోకుండా గీస్తున్నామని గొప్పగా చెప్పుకుంటుంటే, ఈయన మాత్రం శుభ్రంగా నిద్రపోతానన్నాడట. ఆ ఇద్దరూ అరవై ఏళ్ళకే పోయారు. ఈయన 2015లో, 93 ఏళ్ళకి పోయాడు.

సకాయిమినతోలో ఆయన పేరున ఒక వీధి ఉంది. దాని పొడుగునా 170కి పైగా కంచు విగ్రహాలున్నాయి, ఎక్కువగా యోకాయ్‌వే. కితారో వాళ్ళ నాన్న, ఆ కన్నుగుడ్డు నాన్న, టీ గిన్నెలో స్నానం చేస్తుంటాడే, ఆయన కూడా ఉన్నాడు. ఆ ఊరికెళ్ళే రైళ్ళ మీదా వీళ్ళ బొమ్మలే.

పుస్తకం రేపు పోస్టులో పంపిస్తాను. మొన్నటి వానకి మన వంటింటి శ్లాబు కింద పెద్ద మరక పడింది. నీరు దిగిందని మేస్త్రీ అంటున్నాడు, వచ్చే వారం సున్నం కొడతాడట. ఈలోగా ఫోటో తీసి మీ అమ్మ ఫోన్‌కి పంపుతాను. అది ఎవరు నాకి వెళ్ళారో, వాళ్ళకి నాలుక ఎంత పొడుగో, బొమ్మ గీసి పంపండి.

మీ
తాతయ్య