కంటిలోనే మూలకణాల సాగు

కంట్లో సున్నం పడితే నష్టం పైపైన ఆగదు. సున్నం క్షారం. కణాల పొరల్లోని కొవ్వును కరిగించుకుంటూ లోపలికి దిగిపోతుంది. అందుకే తొలి నిమిషాల్లో చేయాల్సింది ఒక్కటే: కన్ను నలపకుండా, శుభ్రమైన నీళ్లతో కనీసం అరగంట ఆపకుండా కడగాలి. ఆసుపత్రికి పరుగెత్తడం ఆ తర్వాతే. రెప్ప తిప్పి, కింద చిక్కుకున్న సున్నపు ముక్కలను డాక్టరు తీసేదాకా కన్ను కాలుతూనే ఉంటుంది.

ఇలాంటి గాయంలో చూపు శాశ్వతంగా పోవడానికి ముఖ్య కారణం లింబస్ దెబ్బతినడం. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే చోట చుట్టూ ఉండే సన్నని అంచు ఇది. కార్నియా అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర. దాని పైపొరకు కొత్త కణాలను పుట్టించే మూలకణాలు ఇక్కడే ఉంటాయి. ఆ పైపొర మందం 50 మైక్రాన్లు, అందులో ఐదారు వరసల కణాలు. అవి రోజూ రాలిపోతుంటే, అంచు నుంచి మధ్యకు కొత్తవి జరుగుతూ వస్తాయి. తెల్లగుడ్డును కప్పే పలుచని పొర కంజంక్టివాను, దాని రక్తనాళాలను కార్నియా మీదికి రానివ్వకుండా ఆపేదీ ఈ అంచే. అది పోతే ఎర్రటి కండపొర నల్లగుడ్డును కప్పేస్తుంది.

అలాంటి కంటికి దాత కార్నియా ఒక్కటే అమర్చితే నిలవదు. దాత నుంచి వచ్చిన పైపొర కొన్నాళ్లకు రాలిపోతుంది. దాని స్థానంలో కొత్త కణాలు రోగి అంచు నుంచే రావాలి, ఆ అంచు లేదు. మళ్లీ కండపొర, మళ్లీ రక్తనాళాలు, వాటి వెంట శరీరం దాత కార్నియాను తిరస్కరించడం. ముందు మూలకణాలు, తర్వాతే కార్నియా అనే క్రమం ఇక్కడి నుంచే వచ్చింది.

1989లో నేత్రవైద్యులు కెన్యన్, సెంగ్ ఆరోగ్యంగా ఉన్న రెండో కంటి నుంచి లింబస్ ముక్కలు తెచ్చి అతికించే పద్ధతిని వివరించారు. అది పనిచేసింది, కానీ మంచి కంటి అంచులో మూడో వంతు దాకా తీయాల్సి వచ్చేది. ఉన్న ఒక్క కంటికీ ముప్పు తెచ్చే పని. 1997లో ఇటలీలో పెల్లెగ్రిని, డి లూకా బృందం చిన్న ముక్క చాలని చూపించింది. ఆ ముక్కలోని కణాలను ల్యాబ్‌లో పెంచి పొరగా మార్చి కంటికి అమర్చారు. వాటికి ఆధారంగా ఎలుక కణాలను వాడారు.

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలో సర్జన్ వీరేందర్ సంగ్వాన్, పాథాలజిస్టు గీతా వేముగంటి 2001 నుంచి ఎలుక కణాలు లేకుండా ఈ పని చేశారు. కాన్పు తర్వాత సేకరించిన ఉమ్మనీటి సంచి పొర మీద, రోగి సొంత సీరంతో (రక్తం నుంచి వేరుచేసిన ద్రవం), రెండు వారాల్లోపు కణాలు పెరిగేవి. 2011లో ప్రచురించిన పదేళ్ల ఫలితాల్లో 200 కళ్లకు 71 శాతం విజయం. 2006లోనే సంగ్వాన్‌కు శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. ఇంకొకరైతే అక్కడే ఆగేవారేమో. కణాలను పెంచడానికి ప్రత్యేక శుభ్రత ఉన్న ల్యాబ్, నిపుణులు కావాలి, శస్త్రచికిత్స రెండుసార్లు జరగాలి. ఇవన్నీ ఉన్న ఆసుపత్రులు ఎన్ని? కాలిన కళ్లు మాత్రం పల్లెల్లోనూ, బస్తీల్లోనూ ఉన్నాయి.

2012లో సంగ్వాన్, అదే సంస్థకు చెందిన సాయన్ బసు, డి. బాలసుబ్రమణియన్, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌కు చెందిన షీలా మెక్‌నీల్ కలిసి ఆరుగురు రోగుల వివరాలతో కొత్త పద్ధతిని ప్రకటించారు. దాని పేరు స్లెట్ (సింపుల్ లింబల్ ఎపిథీలియల్ ట్రాన్స్‌ప్లాంటేషన్), అంటే లింబస్ పైపొర కణాలను సులువుగా నాటడం. ల్యాబ్‌ను పూర్తిగా తీసేశారు. చెరకును ముచ్చెలుగా నరికి నేరుగా చాలులో నాటినట్టు, కణజాలాన్ని ముక్కలు చేసి కంటి మీదే పెంచారు.

మంచి కంటి పైఅంచున 2 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ముక్కను, స్వచ్ఛమైన కార్నియాలోకి ఒక మిల్లీమీటరు దాకా పలుచగా లేపి కోస్తారు. అది సెలైన్ ద్రవంలో తడిగా ఉండాలి. దెబ్బతిన్న కంటి మీది కండపొరను చుట్టూ కోసి ఒలుస్తారు. ప్రమాదం ఎక్కువగా ఉన్న ఘట్టం ఇదే: కింద కార్నియా ఎంత పలచబడిందో పైకి కనిపించదు, చిల్లు పడవచ్చు. అందుకే కంటి పొరలను కాంతితో చూపే ఓసీటీ స్కాన్‌తో ముందే మందం చూసుకోవాలి. రక్తం పూర్తిగా ఆగాక ఉమ్మనీటి సంచి పొరను ఫైబ్రిన్ జిగురుతో (రక్తంలోని ప్రోటీన్లతో చేసేది) పరిచి, అంచులను కంజంక్టివా కిందికి దోపుతారు. తడి మీద జిగురు పట్టదు. పొర కింద రక్తం చేరితే మొత్తం లేచిపోతుంది. తర్వాత మంచి కంటి నుంచి తీసిన ముక్కను సన్నని కత్తెరతో 8 నుంచి 10 తునకలు చేసి, చూపు సాగే నడిమధ్యను వదిలి, వలయంగా పేర్చి, జిగురు వేసి, పైన కాంటాక్ట్ లెన్స్ పెడతారు. ఒక్కొక్క తునక చుట్టూ కణాలు పాకి, రెండు మూడు వారాల్లో కలిసిపోతాయి. స్టెరాయిడ్ చుక్కలను రోజుకు ఆరేడు సార్లతో మొదలుపెట్టి వారాల తరబడి తగ్గిస్తూ వస్తారు.

తొలి ఆరుగురిలో నలుగురికి చూపు 6/18 లేదా అంతకన్నా మెరుగైంది. అంటే మామూలు కన్ను 18 మీటర్ల దూరం నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం. శస్త్రచికిత్సకు ముందు అందరిదీ 6/60 కన్నా తక్కువే. 2016లో 125 కళ్ల ఫలితాలు వచ్చాయి: 76 శాతంలో పైపొర నిలిచింది. ల్యాబ్‌లో పెంచిన కణాలతో వచ్చిన ఫలితానికి ఇదేమీ తీసిపోలేదు. 2015లో ఐరోపా అనుమతించిన హోలోక్లార్ అనే లింబస్ మూలకణాల చికిత్సకు మాత్రం కణాలను పెంచే కేంద్రం కావాలి.

మిగిలిన 24 శాతంలో ఎవరు ఉన్నారన్నది సర్జన్‌కు అంతకన్నా ముఖ్యం. యాసిడ్ పడిన కళ్లు, రెప్ప గుడ్డుకు గట్టిగా అతుక్కుపోయిన కళ్లు, అదే రోజు కార్నియా మార్పిడి కూడా చేసినవి, తొలి రోజుల్లో తునకలు ఊడిపోయినవి. అందుకే కన్ను ఇంకా ఎర్రగా మండుతున్నప్పుడు తొందరపడరు, నెలలు ఆగుతారు. ముందు రెప్పలను సరిచేస్తారు. కన్నీళ్లు లేని పొడికంట్లో తునకలు బతకవు.

రెండు కళ్లూ పోయినవారికి దారి ఇంత సులువు కాదు. కుటుంబ సభ్యుల నుంచో, మరణించిన దాత నుంచో లింబస్ తీసి ఇదే పద్ధతిలో నాటవచ్చు. కానీ అవి పరాయి కణాలు కాబట్టి రోగనిరోధక శక్తిని అణిచే మందులు చాలాకాలం వాడాలి, కిడ్నీ, కాలేయ పరీక్షలు తప్పవు. రోగి సొంత నోటి లోపలి పొర కణాలను వాడితే ఆ మందుల బాధ ఉండదు. అయితే వాటితో వచ్చే పైపొర అసలు కార్నియా పొరంత తేటగా ఉండదు, రక్తనాళాలూ కొంత పాకుతాయి.