పాలిచ్చే తల్లి, సీబీడీ చుక్కలు

కాన్పయిన మొదటి వారాల్లో తల్లికి నిద్ర ముక్కలు ముక్కలుగానే దొరుకుతుంది. రెండు మూడు గంటలకోసారి పాలివ్వాలి. బిడ్డ పడుకున్నా తనకు కన్ను మూతపడదు. కుట్లు సలుపుతాయి, ఊరికే ఏడుపొస్తుంది, బిడ్డ కాస్త ఎక్కువసేపు పడుకుంటే ఊపిరి తీస్తోందో లేదోనని భయం. అర్ధరాత్రి పాలిస్తూ ఫోన్ చూస్తున్నప్పుడు ‘మత్తు ఉండదు, మొక్క నుంచి తీసింది, టెన్షన్ తగ్గుతుంది, హాయిగా నిద్ర పడుతుంది’ అన్న ప్రకటన కనపడితే మనసు అటు లాగడంలో వింతేమీ లేదు. గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ అనే పదార్థంతో నూనెలు, గమ్మీలు (నమిలే మిఠాయిలు), క్రీములు చేసి అమ్మేవాళ్లు చెప్పే మాటలివే.

ఉపశమనం కోరుకున్న తల్లిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆమెకు ఉపశమనం కావాలి, అదీ త్వరగా కావాలి. అయితే పాలిచ్చే రోజుల్లో ఆమె మింగేది రెండు ఒంట్లకు చేరుతుంది. ప్రకటనలు మాట్లాడేది మొదటి ఒంటి గురించే. రెండో ఒంటి సంగతి కొంచెం వివరంగా చూడాలి.

సీబీడీ పూర్తిపేరు కానబిడియోల్. గంజాయి మొక్కలో ఉండే, కానబినాయిడ్లు అనే వందకు పైగా రసాయనాల్లో ఇదొకటి. 1940లో అమెరికాలో రోజర్ ఆడమ్స్ బృందం దీన్ని వేరుచేసింది. దీని అణువు ఎలా ఉంటుందో 1963లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రఫాయెల్ మెషూలమ్ బృందం తేల్చింది. గంజాయిలో మత్తెక్కించేది టీహెచ్‌సీ అనే మరో పదార్థం. సీబీడీతో మత్తు రాదన్నది నిజమే. కానీ మత్తు రానంత మాత్రాన అది ఒంటిమీద పనిచెయ్యదని కాదు. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, శుద్ధి చేసిన సీబీడీని ఎపిడయోలెక్స్ పేరుతో రెండు అరుదైన, మొండి మూర్ఛ వ్యాధులకు మందుగా అనుమతించింది. అంటే అది అసలు సిసలు మందు, దానికి మందుకుండే సైడ్ ఎఫెక్టులూ ఉన్నాయి. మగత వస్తుంది, ఆకలి తగ్గుతుంది, విరేచనాలవుతాయి, కొందరికి లివర్ ఎంజైములు పెరుగుతాయి. అందుకే ఆ మందు మొదలుపెట్టే ముందూ, వాడుతున్నప్పుడూ లివర్ పరీక్షలు చేయిస్తారు. అక్కడ వాడే మోతాదు గమ్మీల్లో ఉండేదానికన్నా చాలా ఎక్కువని కూడా చెప్పాలి.

మరి ఆందోళనకు పనిచేస్తుందా? బ్రెజిల్‌లో 57 మంది ఆరోగ్యవంతులకు సీబీడీ గానీ, ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చి, తర్వాత ప్రసంగం చేయించారు. 300 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో ఆందోళన తగ్గింది. 150 తీసుకున్నవారిలోనూ, 600 తీసుకున్నవారిలోనూ అంత తేడా కనపడలేదు. అంటే ఎక్కువేస్తే ఎక్కువ పనిచేస్తుందన్న లెక్క ఇక్కడ కుదరదు. గమ్మీల్లో మామూలుగా ఉండేది 10 నుంచి 25 మిల్లీగ్రాములు. ఇంకో సంగతి, ఆ 57 మందీ మగవాళ్లే. కాన్పు తర్వాత కొద్దిరోజుల్లోనే ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లు పాతాళానికి పడిపోయిన ఒంటికీ, ఆ పరీక్షలో పాల్గొన్న ఒంటికీ పోలికే లేదు.

ఇప్పుడు ఆ చుక్క వెంటే వెళదాం. నాలుక కింద వేసుకున్నా, దానిలో చాలాభాగం మింగుడు పడి పేగుల్లోకే పోతుంది. సీబీడీ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కొవ్వున్న భోజనంతో తీసుకుంటే రక్తంలోకి చేరేది నాలుగైదు రెట్లు పెరుగుతుంది. అందువల్ల ఒకే మోతాదు ఒకరోజు ఒకలా, మరోరోజు మరోలా పనిచేయొచ్చు. రక్తంలోకి చేరాక అది కొవ్వున్న చోట్లకు పోయి దాగుతుంది, అక్కడినుంచి మెల్లగా బయటికి వస్తుంది. మూర్ఛ మందుగా రోజూ తీసుకునేవాళ్లలో, రక్తంలోని సీబీడీ సగానికి తగ్గడానికి దాదాపు రెండున్నర రోజులు పడుతుంది. చనుబాలల్లో సుమారు 4 శాతం కొవ్వు ఉంటుంది. కొవ్వును వెతుక్కునే పదార్థానికి అంతకన్నా అనువైన చోటేముంది?

‘చుక్కలు వేసుకున్నాక ఒకసారి పాలు పిండి పారబోస్తే సరిపోతుందిగా’ అనిపిస్తుంది. మద్యం విషయంలో పారబోయక్కర్లేదు, కొన్ని గంటలు ఆగితే చాలు, రక్తంలో తగ్గేకొద్దీ పాలల్లోనూ అదే తగ్గిపోతుంది. సీబీడీ అలా గంటల్లో పోదు. ఒక పూట పాలు పారబోసినా తర్వాతి పూట పాలల్లోకి మళ్లీ దిగుతుంది.

2018లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, గంజాయి వాడిన 50 మంది తల్లుల నుంచి 54 పాల నమూనాలు తీసుకున్నారు. టీహెచ్‌సీ 34 నమూనాల్లో దొరికింది, చివరిసారి వాడి ఆరు రోజులైన తర్వాత కూడా. సీబీడీ దొరికింది ఐదింటిలోనే. ఇది చూపించి సీబీడీ పాలల్లోకి పెద్దగా రాదనుకోకూడదు. వాళ్లు ఎక్కువగా వాడింది టీహెచ్‌సీ దండిగా, సీబీడీ తక్కువగా ఉండే గంజాయిని. రోజూ సీబీడీ చుక్కలు వేసుకునే తల్లుల పాల లెక్క అది కాదు.

బిడ్డ వైపు వెళితే రెండు విషయాలు బలంగా కనిపిస్తాయి. ఒకటి లివర్. సీబీడీని విరగ్గొట్టే ఎంజైముల్లో సీవైపీ3ఏ4 ముఖ్యమైనది. పుట్టిన బిడ్డలో అది చాలా తక్కువ, నెలలు గడిచేకొద్దీ పెరుగుతుంది. తల్లి ఒంట్లోంచి పోవడానికే రోజులు పట్టేది బిడ్డ ఒంట్లో ఇంకెంతసేపైనా ఉండొచ్చు.

రెండోది మెదడు. కానబినాయిడ్లు అందుకునే రిసెప్టర్లు మన ఒంట్లో పుట్టుకతోనే ఉంటాయి, వాటికోసం ఒళ్లు తనంతట తాను కొన్ని పదార్థాలు తయారుచేసుకుంటుంది. వాటిలో 2-ఏజీ అనేది తల్లిపాలల్లోనూ ఉంటుంది. ఇది ఎందుకుందో సూచించే ప్రయోగం ఒకటి 2001లో ఇజ్రాయెల్‌లో జరిగింది. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో సీబీ1 అనే రిసెప్టర్‌ను ఒక మందుతో మూసేశారు. తల్లి పక్కనే ఉన్నా ఆ పిల్లలు పాలు తాగలేదు. పాలు లేక రోజుల్లోనే చాలావరకు చనిపోయాయి. పాలు చీకడమనే మొట్టమొదటి పని మొదలవడానికి ఎలుకపిల్లల్లో ఈ వ్యవస్థ అంత అవసరమన్నమాట. సీబీడీ ఆ మందులాంటిది కాదు, ఎలుకపిల్ల మన బిడ్డా కాదు. కానీ సీబీ1 పనిని సీబీడీ కొంత మందగింపజేయగలదని ప్రయోగశాల పరీక్షల్లో కనపడింది. మెదడు కణాలు ఎక్కడ కుదురుకోవాలి, ఏది దేనితో ముడిపడాలి అన్న పనిలోనూ ఈ వ్యవస్థకు చేయి ఉంది. ఆ పని నడుస్తున్న నెలల్లో బయటినుంచి చెయ్యి పెట్టడం నాకు భయంగానే ఉంటుంది.

ఇదంతా సీసాలో సీబీడీ మాత్రమే ఉందనుకుని చెప్పిన మాట. 2017లో అమెరికా పరిశోధకులు ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ ఉత్పత్తులు కొని పరీక్షించారు. లేబుల్ మీద రాసిన మోతాదుకు సరిపోయినవి 31 శాతమే. 18 ఉత్పత్తుల్లో టీహెచ్‌సీ ఉంది. మత్తు లేనిదని నమ్మి కొన్న తల్లి పాలలోకి, తనకు తెలియకుండానే, రోజుల తరబడి వదలని మత్తు పదార్థం చేరొచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సీబీడీని ఏ రూపంలోనూ వాడొద్దని ఎఫ్‌డీఏ గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణం. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు చెప్పే రోజువారీ హద్దును 2023లో 70 మిల్లీగ్రాముల నుంచి ఏకంగా 10కి తగ్గించింది. పాలిచ్చే తల్లులకు అసలే వద్దంది.

పగిలిన చనుమొనలకు సీబీడీ క్రీము రాయొచ్చా అని అడిగేవాళ్లుంటారు. చర్మం మీద రాసింది రక్తంలోకి పోయేది తక్కువే. కానీ చనుమొన మీద రాసింది నేరుగా బిడ్డ నోట్లోకే పోతుంది కదా.

ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్లకు మరో చిక్కుంది. సీబీడీ లివర్‌లో సీవైపీ2సీ19 అనే ఎంజైమును అడ్డుకుంటుంది. డిప్రెషన్‌కు ఇచ్చే సిటలోప్రామ్‌ను ఒళ్లు ఖర్చుచేసేది ఎక్కువగా ఆ ఎంజైముతోనే. డాక్టరు మోతాదు మార్చకపోయినా రక్తంలో ఆ మందు పెరిగిపోతుంది.

అయితే తల్లి ఏం చెయ్యాలి? మొదటి రెండు వారాల్లో వచ్చే ఏడుపు, చిరాకు చాలామంది తల్లులకు మామూలే, వాటంతట అవే సర్దుకుంటాయి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే అది డిప్రెషన్ కావొచ్చు. అది డిప్రెషనేమో చూడటానికి 1987 నుంచి వాడుకలో ఉన్న ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పదే ప్రశ్నలు, ఐదు నిమిషాల పని. మాటలతో చేసే చికిత్స ఉంది. అవసరమైతే సెర్ట్రలిన్ లాంటి మందు ఉంది. అది పాలల్లోకి చాలా కొద్దిగానే వస్తుంది, పాలిచ్చే తల్లుల్లో బాగా పరిశీలించిన మందుల్లో అదొకటి. కుట్ల నొప్పికి పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ కూడా ఏళ్ల తరబడి పరీక్షకు నిలిచినవే. వీటి పేర్లు వింటే ‘రసాయనం’ అని జంకు, సీబీడీ అంటే ‘మొక్క’ అని ధీమా. బిడ్డ వైపునుంచి చూస్తే మనకు లెక్క తెలిసింది ఈ రసాయనాలదే.

థైరాయిడ్ సంగతి చాలామందికి తట్టదు. కాన్పయిన నెలల్లో కొందరికి థైరాయిడ్ వాచి, హార్మోన్ ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్రలేమి, ఆందోళన, సరిగ్గా సీబీడీ కొనుక్కోవాలనిపించే లక్షణాలే. ఒక్క రక్తపరీక్షతో తెలిసిపోయే దాన్ని చుక్కలతో కప్పిపెట్టుకోవద్దు. రక్తహీనత కూడా చూపించుకోండి. రాత్రి ఒక పూట పాలు ముందే పిండి పెట్టి, ఇంట్లో ఎవరైనా పట్టేలా చేస్తే నాలుగైదు గంటలు ఏకధాటిగా నిద్ర దొరుకుతుంది. దీన్ని ఇంట్లోవాళ్లు సాయం అనుకోకుండా వైద్యంలో భాగమనుకోవాలి.

ఇప్పటికే కొన్నాళ్లుగా వాడుతున్నవాళ్లు కంగారుపడి దాచిపెట్టొద్దు. చుక్కలు ఆపి, సీసాను వెంట తీసుకెళ్లి పిల్లల డాక్టరుకు చూపించండి. ఎన్నాళ్లు, ఎంత, ఇంకా ఏ మందులతో వాడారో చెప్పండి. పాలివ్వడం ఆపాలా వద్దా అన్నది వారితో కలిసే తేల్చుకోండి. ఈలోపు బిడ్డ మామూలుకన్నా మగతగా ఉన్నా, లేపినా పాలు సరిగ్గా చీకకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. తనకు తాను హాని చేసుకోవాలనో, బిడ్డకు ఏమైనా చెయ్యాలనో తల్లికి ఆలోచన వస్తే ఆమెను ఒంటరిగా వదలకుండా, అది ఏ వేళైనా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.