మానేశాక కూడా లాగే సిగరెట్ యావకు హిప్నాసిస్: అపోహలు - వాస్తవాలు

సిగరెట్ మానేసి రెండు మూడు నెలలైనా కొన్ని చోట్ల ప్రాణం లాగుతూనే ఉంటుంది. భోంచేసి చెయ్యి కడుక్కోగానే, టీ గ్లాసు చేతికి రాగానే, పక్కవాడు అగ్గిపుల్ల గీసిన వాసన తగలగానే. ఇలా మిగిలిపోయిన యావ గురించే ఎక్కువమంది హిప్నాసిస్ అడుగుతారు. అడిగేవాళ్లలో సగం మంది అదేదో మంత్రమనుకుంటారు, మిగతా సగం మోసమనుకుంటారు. ఇద్దరికీ చెప్పాల్సింది ఒకటే. హిప్నాసిస్ యావను పీకి పారెయ్యదు. యావ పుట్టడానికీ, చెయ్యి జేబు దగ్గరికి పోవడానికీ మధ్య నాలుగైదు నిమిషాలుంటాయి కదా, ఆ నాలుగైదు నిమిషాలు ఎలా గడపాలో ముందే సాధన చేయిస్తుంది. అంతే దాని పని. ఆ పనికి మాత్రం బాగానే పనికొస్తుంది.

అపోహ: హిప్నాసిస్ అంటే నిద్ర. చిటికె వేయగానే మన వశం తప్పుతాం.

ఈ గోలంతా పేరుతో వచ్చింది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఉన్న జేమ్స్ బ్రెయిడ్ అనే సర్జన్ 1843లో వేసిన పుస్తకంలో నిద్ర అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఈ పేరు తీశాడు. అది నిద్ర కాదని, ఒకే ఆలోచన మీద మనసు నిలవడమని తర్వాత ఆయనకే అర్థమైంది. 1847లో పేరు మార్చాలని చూశాడు కానీ అప్పటికే జనం నోట పాత పేరు పడిపోయింది.

సిట్టింగులో ఉన్న మనిషికి ఫ్యాను చప్పుడూ వినిపిస్తుంది, బయట ఆటో హారనూ వినిపిస్తుంది. ముక్కు దురదపెడితే గోక్కుంటాడు, ఇష్టం లేకపోతే కళ్లు తెరిచి లేచి వెళ్లిపోతాడు. మరి స్టేజీ మీద జనం కోడిలా కూశారే అంటారా? అక్కడ ప్రదర్శకుడు ముందు హాలందరి చేతా వేళ్లు బిగించి పట్టుకోమని చిన్న పరీక్ష చేయిస్తాడు. చేతులు విడిపోని నలుగురైదుగురిని పైకి పిలుస్తాడు. అంటే సూచనకు బాగా స్పందించేవాళ్లు, నలుగురిలో ఆడటానికి సిగ్గుపడనివాళ్లు ముందే ఏరబడ్డారన్నమాట. క్లినిక్‌లో అలా ఏరుకునే వీలు లేదు.

అపోహ: బలహీన మనసున్నవాళ్లకే పనిచేస్తుంది. నాలాంటి గట్టివాడికి ఎక్కదు.

గట్టితనానికీ దీనికీ సంబంధం లేదు. సూచనలకు స్పందించే గుణం మనిషి మనిషికీ మారుతుంది. దాన్ని కొలవడానికి 1959లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో వైట్సెన్‌హాఫర్, హిల్గార్డ్ అనే సైకాలజిస్టులు ఒక స్కేలు తయారుచేశారు. అవే పరీక్షలు పాతికేళ్ల తర్వాత అదే మనుషులకు మళ్లీ పెడితే మార్కులు పెద్దగా మారలేదు. బాగా స్పందించేవాళ్లు కొద్దిమంది, అసలు స్పందించనివాళ్లు కొద్దిమంది, మిగతావాళ్లంతా మధ్యలో.

ఇంట్లో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. కళ్లు మూసుకుని రెండు చేతులూ భుజాల ఎత్తున ముందుకు చాపండి. కుడిచేతికి నీళ్ల బకెట్ వేలాడుతోందని, ఎడమ మణికట్టుకు గాలి బుడగ కట్టారని ఊహించుకోండి. రెండు నిమిషాలయ్యాక కళ్లు తెరిచి చూడండి. చేతుల మధ్య జానెడు తేడా వస్తే మీకు ఊహ ఒంటిదాకా దిగుతోందని లెక్క. తేడా ఏమీ లేకపోతే హిప్నాసిస్ మీద డబ్బు తగలేయడం కన్నా కౌన్సెలింగ్, నికోటిన్ గమ్ వైపు పోవడం మంచిది. అందులో చిన్నతనమేమీ లేదు.

అపోహ: యావంతా మనసులోనే ఉంది. మనసు మారిస్తే పోతుంది.

యావలు రెండు రకాలు. వాటిని కలిపేస్తేనే వైద్యం దారి తప్పుతుంది.

మొదటిది ఒంట్లో పుట్టేది. నికోటిన్ రక్తంలో రెండు గంటలకోసారి సగానికి సగం తగ్గుతుంది. మానేసిన రెండు మూడు రోజులకు చిరాకు, ఆకలి, నిద్రలేమి పతాకస్థాయికి చేరి, రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. పొగకు అలవాటుపడి మెదడులో పెరిగిన, నికోటిన్‌ను పట్టుకునే గ్రాహకాలు (రిసెప్టర్లు) ఆరు నుంచి పన్నెండు వారాల్లో మామూలు స్థాయికి వస్తాయి. ఈ మొదటి వారాల్లో వచ్చే యావను మాటలతో అణచాలనుకోవడం ఆకలికి కథ చెప్పడం లాంటిది.

రెండోది జతకట్టిన యావ. రోజుకు పది చొప్పున ఏడాదికి 3,650 సిగరెట్లు. ఒక్కోదానికి పది దమ్ములనుకున్నా పదేళ్లలో మూడున్నర లక్షల సార్లకు పైగా ఆ చెయ్యి నోటి దగ్గరికి వెళ్లింది. టీ, భోజనం, ఫోను, కోపం, ఒక్కోదానికీ సిగరెట్ జతపడి కూర్చుంది. మూడు నెలల తర్వాత మిగిలేది ఇదే, హిప్నాసిస్‌కు దొరికేదీ ఇదే.

ఈ రెండూ కాని దొంగ యావ ఇంకోటుంది, దాన్ని దాదాపు ఎవరూ పట్టుకోరు. పొగలోని తారు వల్ల కాలేయం కెఫీన్‌ను వేగంగా విరిచేస్తుంది. పొగ ఆగిన వారం లోపే ఆ వేగం తగ్గిపోతుంది. అంటే రోజూ తాగే అవే ఐదు టీలు ఇప్పుడు ఒంట్లో చాలాసేపు నిలుస్తాయి. గుండె దడ, చేతి వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మనిషి దాన్ని "సిగరెట్ లేకే ఇలా ఉంది" అనుకుంటాడు. టీ కాఫీలు సగానికి తగ్గించి నాలుగు రోజులు చూడండి. థియోఫిలిన్ (ఆయాసానికి ఇచ్చేది), క్లోజపిన్ (మానసిక జబ్బుకు ఇచ్చేది) లాంటి మందులు వాడేవాళ్లు సిగరెట్ మానేస్తున్నట్టు డాక్టరుకు ముందే చెప్పాలి. ఇదే కారణంతో రక్తంలో ఆ మందులూ పెరుగుతాయి.

అపోహ: సిగరెట్ అంటే అసహ్యం పుట్టిస్తే చాలు.

"ఇకమీదట సిగరెట్ ముట్టుకుంటే కక్కు వస్తుంది" అనే సూచన మొదటి కొద్దిరోజులు జోరుగా పనిచేస్తుంది. తర్వాత ఏ పెళ్లిలోనో ఎవరో బలవంతపెడితే ఒక దమ్ము లాగుతారు. కక్కు రాదు. అంతే, ఆ ఒక్క దమ్ముతో సూచన అబద్ధమైపోతుంది, దానితోపాటు మిగతా సాధన మీద నమ్మకమూ పోతుంది. "నేను సిగరెట్ గురించి ఆలోచించను" అనేదీ ఇంతే. ఆ మాట అనాలంటే ముందు సిగరెట్ కళ్లముందుకు రావాలిగా!

న్యూయార్క్ మానసిక వైద్యుడు హెర్బర్ట్ స్పీగెల్ 1970లో ప్రచురించిన పద్ధతి దీనికి ఎదురు దారి పట్టింది. సిగరెట్‌తో కుస్తీ లేదు. మూడు మాటలే: ఈ పొగ నా ఒంటికి విషం, బతకడానికి నాకు ఈ ఒళ్లు కావాలి, కనక దీన్ని కాపాడుకోవడం నా బాధ్యత. ఒంటిని మన మీద ఆధారపడిన పసిబిడ్డలా చూడమంటాడు. బిడ్డ నోట్లో విషం పొయ్యం కదా. దానికి మీ ఘట్టాన్ని, అంటే మీకు యావ పుట్టే సందర్భాన్ని, కలిపి చేసే తీరు ఇది.

ముందు వారం రోజులు చిన్న పుస్తకంలో రాసుకోండి: యావ వచ్చిన టైము, చోటు, అంతకుముందు చేసిన పని, పదికి ఎంత బలంగా ఉంది, ఎన్ని నిమిషాలుంది. వారం తిరిగేసరికి రెండు మూడు ఘట్టాలే పదేపదే కనిపిస్తాయి. అన్నిటికన్నా బలమైనది వద్దు, ఆరో ఏడో ఉన్నదానితో మొదలుపెట్టండి.

కుర్చీలో వెన్ను ఆనించి, పాదాలు నేలకు ఆనించి కూర్చోండి. పడుకోవద్దు. కాంటాక్ట్ లెన్సులుంటే తీసేయండి. తల కదపకుండా చూపు మాత్రం నుదుటి వైపు ఎత్తండి. చూపు పైనే ఉంచి రెప్పలు మెల్లగా దించుతూ ఊపిరి తీసుకోండి. వదులుతూ కళ్లు సడలించి, ఒళ్లు కుర్చీలోంచి తేలుతున్నట్టు ఊహించండి. మూడు మాటలూ ఒక్కసారి నింపాదిగా అనుకోండి. ఇక ఘట్టంలోకి దిగండి. ఉదాహరణకు టీ కొట్టు:

"సింగిల్ టీ చెప్పాను. గ్లాసు అంచు వేళ్లకు కాలుతోంది. అల్లం వాసన. పక్కాయన వెలిగించాడు, పొగ ఇటే వస్తోంది. నోరు పీకుతోంది, ఆరు... ఏడు... చెయ్యి జేబు వైపు కదిలింది. అక్కడే బొటనవేలు చూపుడువేలు కలిపి నొక్కాను. ఊపిరి పొడుగ్గా వదిలాను. నా చేతిలో ఉన్నది గ్లాసు. ఇంకో గుటక. ఐదు. గ్లాసు పెట్టేశాను, డబ్బులిచ్చాను, రోడ్డు దాటాను. మూడు."

మూడు, రెండు, ఒకటి లెక్కపెట్టి కళ్లు తెరవండి. మొత్తం ఐదు నిమిషాలు, ఉదయం సాయంత్రం. ఘట్టం లేకుండా మూడు మాటల పొట్టి రకం నిమిషం కూడా పట్టదు. దాన్ని స్పీగెల్ రోజుకు పదిసార్లు, గంటా రెండు గంటలకోసారి చెయ్యమన్నాడు. ఆఫీసులో అయితే నుదుటికి చెయ్యి ఆనించి కళ్లు మూసుకుంటే చాలు, ఏదో ఆలోచిస్తున్నాడనుకుంటారు.

తప్పు జరిగే చోటు రెండు. ఒకటి, ఘట్టంలో యావను లేవనివ్వకుండా ప్రశాంతంగా దాటించేయడం. అది గట్టు మీద ఈత. ఏడు దాకా లేవాలి, మీ కళ్ల ముందే దిగాలి. రెండు, నిజంగా యావ పట్టుకున్నప్పుడే మొట్టమొదటిసారి చేయబోవడం. కనీసం వారం సాధన లేనిదే ఆ వేళ్ల నొక్కుడుకు బలం రాదు.

అపోహ: యూట్యూబ్ ఆడియో పెట్టుకుని పడుకుంటే అదే లోపలికి పోతుంది.

నిద్రపోతే నిద్రే, సాధన కాదు. పైగా ఆ ఆడియోల్లో సముద్రపు ఒడ్డు, చల్లగాలి ఉంటాయి. మీ ఇబ్బంది ఇరానీ హోటల్ దగ్గర. మీ ఫోనులో మీ గొంతుతోనే ఐదు నిమిషాలు రికార్డు చేసుకోండి, మామూలు కన్నా సగం వేగంతో. భాష దగ్గర జాగ్రత్త: "ధూమపానమును విసర్జించుచున్నాను" అంటే లోపల ఎవరూ వినరు. కోపమొచ్చినప్పుడు మీలో మీరు ఏ యాసలో గొణుక్కుంటారో ఆ యాసలోనే ఉండాలి. బండి నడుపుతూ వినొద్దు.

అపోహ: ఒక్క సిట్టింగ్, 95 శాతం గ్యారంటీ.

ఇలాంటి అంకె కనిపిస్తే మూడు ప్రశ్నలు వేయండి: ఎన్ని నెలల తర్వాత లెక్క? ఫోను ఎత్తనివాళ్లను ఏ ఖాతాలో వేశారు? నోటిమాట నమ్మారా, ఊపిరిలో కార్బన్ మోనాక్సైడో, నికోటిన్ ఒంట్లో విరిగాక మిగిలే కొటినినో పరీక్షించారా? కార్బన్ మోనాక్సైడ్ ఒక్కరోజులో ఒంట్లోంచి పోతుంది, కొటినిన్ నాలుగైదు రోజులు ఉంటుంది. అందుకే రెండో పరీక్షకు విలువ ఎక్కువ.

స్పీగెల్ ఒక్క సిట్టింగ్ పద్ధతినే 226 మంది మీద గమనించి 1993లో వేశారు. వారం తర్వాత 52 శాతం మంది సిగరెట్‌కు దూరంగా ఉన్నారు, రెండేళ్ల తర్వాత 23 శాతం. అందులో పోల్చడానికి వేరే గుంపు లేదు. ఏ సాయం లేకుండా మానేవాళ్లలో ఆరు నెలలు, ఏడాది నిలబడేది నూటికి ముగ్గురి నుంచి ఐదుగురు కాబట్టి 23 తీసిపారేసేది కాదు. కానీ 95 ఎక్కడ, 23 ఎక్కడ! 2008లో శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు 286 మందికి నికోటిన్ పట్టీలు ఇచ్చి, సగం మందికి హిప్నాసిస్, సగం మందికి మామూలు కౌన్సెలింగ్ చేశారు. ఏడాది తర్వాత కూడా మానేసే ఉన్నారని ధ్రువపడింది హిప్నాసిస్ వైపు 20 శాతం, కౌన్సెలింగ్ వైపు 14 శాతం. హిప్నాసిస్ వైపు మొగ్గు ఉంది కానీ గట్టిగా తేల్చేంత తేడా కాదు. 2019లో, వైద్య అధ్యయనాలన్నిటినీ కలిపి తూచే కోక్రేన్ సంస్థ సమీక్ష 14 అధ్యయనాలు, 1,926 మందిని కలిపి చూసి, మిగతా రకాల సాయం కన్నా ఇది మెరుగని చెప్పే ఆధారం చాలదంది.

అపోహ: మూలం చిన్నతనంలో, లేదా పూర్వజన్మలో ఉంది. అక్కడికి వెళ్లాలి.

అక్కర్లేదు. హిప్నాసిస్‌లో వచ్చిన జ్ఞాపకాలు ఎక్కువ నమ్మదగినవి కావని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1985లోనే నివేదిక ఇచ్చింది. నిజం పెరగదు, నిజమేనన్న ధీమా పెరుగుతుంది. టీ కొట్టు దగ్గర యావకు గత జన్మ దాకా పోవాలనేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పేవాళ్లను రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు), మూర్ఛ, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లు సైకియాట్రిస్టును అడక్కుండా ఈ జోలికే పోవద్దు.

అపోహ: హిప్నాసిస్ మొదలుపెట్టాక గమ్, మందులు వాడితే ఫలితం పోతుంది.

తిరగేసి చెప్పారు. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించే అలవాటున్నవాళ్లకు మొదటి వారాల్లో నికోటిన్ ఆసరా లేకపోతే ఏ సాధనకూ మనసు నిలవదు. వాళ్లకు 4 మిల్లీగ్రాముల గమ్, మిగతావాళ్లకు 2. కిళ్లీలా నమిలి మింగితే ఎక్కిళ్లు, గుండెమంట తప్ప ఏమీ రాదు. నాలుక చురుక్కుమనేదాకా మెల్లగా నమిలి, చిగురుకూ బుగ్గకూ మధ్య నొక్కి పెట్టండి. చురుకు తగ్గాక మళ్లీ నమలండి, అలా అరగంట. గమ్‌కు పావుగంట ముందు నుంచి టీ, కాఫీ, కూల్‌డ్రింకులు బంద్, అవి నోట్లో నికోటిన్ ఇంకకుండా చేస్తాయి. టీతో పాటే గమ్ వేసుకుని "పనిచెయ్యలేదు" అనేవాళ్లు ఎందరో. సిగరెట్ మానడానికి వాడే వారెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రలు మాత్రం డాక్టర్ రాసిస్తేనే.

అపోహ: ఒక సిగరెట్ తాగానంటే హిప్నాసిస్ దిగిపోయింది.

అది ఎక్కింది కాదు, దిగడానికి. "ఒక్కటే కదా" అనేది ఎంత ప్రమాదమో "ఇంకేముంది, అంతా పోయింది" అనేదీ అంతే. మొదటి లూజు సిగరెట్ కన్నా ఆ రెండో మాటే పెట్టె కొనిపిస్తుంది. ఆ రాత్రే పుస్తకంలో రాయండి: ఎక్కడ, ఎవరితో, చెయ్యి ఏ క్షణంలో కదిలింది. పాత ఘట్టం పక్కనపెట్టి మర్నాటి నుంచి ఇదే సాధన చెయ్యండి. వేళ్లు నొక్కే చోటు ఈసారి ఇంకా ముందుకు జరపండి, అగ్గిపెట్టె చప్పుడు దగ్గరికో, స్నేహితుడు పెట్టె చాపిన క్షణానికో. రెండు మూడు రోజులు గమ్ దగ్గర పెట్టుకోండి. మాట్లాడటానికి మనిషి కావాలంటే జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356, ఫోను ఉచితం.